విచారణ ఎవరి గడపలో? చుండూరు పాఠమూ, ప్రజల డబ్బుతో నడిచే ప్రసార సంస్థలూ

తెనాలిలో రైలెక్కి బాపట్ల వైపు పోతుంటే కాసేపట్లోనే చుండూరు వస్తుంది. అదే తెనాలిలో రేపల్లె బండి ఎక్కితే వేమూరు, భట్టిప్రోలు దాటుకుంటూ పోతాం. ఈ మూడు పట్నాల మధ్య ఉన్న దళితవాడల్లో ఎవర్ని కదిలించినా ఒక మాట చెబుతారు. ‘ఆఫీసరు మీద ఆఫీసరుకే చెప్పుకుంటే ఏం లాభం?’ అంటారు. ఏ పుస్తకంలోనో చదివి అనే మాట కాదది. 1991 నేర్పిన మాట.

ఈ వ్యాసం చుండూరు హత్యాకాండ చరిత్ర కాదు. మేము ఎత్తుకున్న ప్రశ్న వేరు. జనం డబ్బుతో నడిచే రేడియోలో, టీవీలో పనిచేసే మనిషి మీద దుష్ప్రవర్తన ఆరోపణ వస్తే, ఆ సంస్థ ఎవరికి జవాబు చెప్పాలి? పై అధికారికా, మంత్రికా, ఫిర్యాదు చేసిన మనిషికా, డబ్బు కట్టిన జనానికా? దీనికి సమాధానం ఢిల్లీ చట్టాల్లో కొంత ఉంది. అయితే ఆ చట్టాల్ని ఎట్లా చదవాలో చుండూరు నేర్పుతుందని మా వాదన. అందుకే అక్కడి నుంచి మొదలుపెడుతున్నాం.

1. చుండూరు అడిగింది

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని వెంటాడి చంపారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు తగిలిందన్న గొడవతో మొదలై, సాంఘిక బహిష్కరణ మీదుగా అక్కడిదాకా వచ్చింది. అప్పటికే ఊళ్ళో పోలీసులున్నారు. పోలీసులే మా మగవాళ్ళని పొలాల మీదికి పారిపొమ్మన్నారని, అక్కడ కాపుగాసిన వాళ్ళ చేతికి చిక్కారని బాధితులు మొదటి నుంచీ చెబుతూ వచ్చారు. ఆ తర్వాత నెల, సెప్టెంబరు 10న, అదే చుండూరులో పోలీసు కాల్పుల్లో ఒక దళిత యువకుడు చనిపోయాడు.

అంటే చుండూరు ప్రజల ముందు రెండు నేరాలున్నాయి. ఒకటి చంపినవాళ్ళది. రెండోది, జీతం తీసుకుంటూ చూస్తూ ఊరుకున్నవాళ్ళది. 1990 జనవరి 30న అమల్లోకి వచ్చిన షెడ్యూల్డ్ కులాలు, తెగల అత్యాచారాల నిరోధక చట్టం ఈ రెండోదాన్ని కూడా నేరమే అన్నది. నాలుగో సెక్షను ప్రకారం, విధిని కావాలని నిర్లక్ష్యం చేసిన ప్రభుత్వోద్యోగికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. మాట గొప్పదే. మరి ఆ నిర్లక్ష్యాన్ని తేల్చేదెవరు? 2015 సవరణ ఈ సెక్షన్ని కొంత పదును పెడుతూనే, పరిపాలనాపరమైన విచారణ సిఫారసు చేస్తేనే ఉద్యోగి మీద అభియోగం మోపాలని కూడా చెప్పింది. అంటే మళ్ళీ ఆఫీసరు సంగతి ఆఫీసరే తేల్చాలి.

చుండూరు ఉద్యమం దీన్ని ముందే పసిగట్టింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటి నాయకులతో దళిత మహాసభ నడిపిన పోరాటంలో డిమాండు ‘విచారణ జరపండి’ అన్న దగ్గర ఆగలేదు. ‘కోర్టు మా ఊరికి రావాలి’ అన్నది. సాక్షి కూలి మానుకుని, బస్సు చార్జీ అప్పు తెచ్చుకుని, పట్నంలో పెద్దోళ్ళ మనుషుల మధ్య నిలబడి సాక్ష్యం చెప్పటం కాదు. న్యాయమే నేరం జరిగిన చోటికి నడిచి రావాలి. చివరికి చుండూరులోనే ప్రత్యేక కోర్టు కూర్చుంది. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు వాళ్ళందర్నీ విడిచిపెట్టింది. దాని మీద సుప్రీంకోర్టుకు అప్పీలు వెళ్ళింది.

తీర్పు తిరగబడింది కాబట్టి ఊళ్ళో కోర్టు పెట్టటం వృథా అయిందని కొందరంటారు. మేము ఒప్పుకోం. బాధితుడు గడప దాటి అధికారి దగ్గరికి పోవటం కాకుండా, విచారణే బాధితుడి గడపలోకి రావాలన్న సూత్రాన్ని చుండూరు దేశం ముందు పెట్టింది. ఆ సూత్రాన్ని పోలీసు శాఖ దగ్గరే ఎందుకు ఆపాలి? ప్రజల డబ్బు తినే ప్రతి సంస్థకీ పెట్టి చూడాలి. ఈ వ్యాసంలో ప్రసార సంస్థలకి పెట్టి చూస్తున్నాం.

2. రేడియో ఎవరి డబ్బు?

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలకి దశాబ్దాలపాటు పంట కబురూ, పాటా, నాటకమూ, తుపాను హెచ్చరికా అక్కడి నుంచే వచ్చాయి. 1980ల మధ్యదాకా రేడియో పెట్టుకున్నవాళ్ళు పోస్టాఫీసులో లైసెన్సు డబ్బు కట్టాలి. రేడియో కొనలేనివాళ్ళకి పంచాయితీ రేడియో. అది ఊళ్ళో ఉండేది, పల్లెలో కాదు. ఊరు వేరు, పల్లె వేరు అన్న సంగతి మన పాఠకులకి విడమర్చి చెప్పక్కర్లేదు. పన్ను మాత్రం అగ్గిపెట్టె మీదా, కిరసనాయిలు మీదా అందరం కట్టాం. లైసెన్సు పోయాక ఆకాశవాణి, దూరదర్శన్‌ల భారం ఎక్కువగా కేంద్ర ఖజానా మీదే పడింది. కాబట్టి ఈ సంస్థల యజమానుల్లో కూలిజనం కూడా ఉన్నారు. ఇది అలంకారానికి అంటున్న మాట కాదు, లెక్క.

మైకు ముందు మనవాళ్ళు బొత్తిగా లేకపోలేదు. మహాకవి జాషువా 1950ల చివర్లో మద్రాసు ఆకాశవాణిలో ప్రొడ్యూసరుగా పనిచేశారు. అయితే ఒక మహాకవికి కుర్చీ వెయ్యటం వేరు, ఆ సంస్థ పల్లెకి జవాబుదారీగా ఉండటం వేరు.

ఎమర్జెన్సీలో ఆకాశవాణి సర్కారు దండోరాగా మారింది. ఆ చేదు అనుభవం నుంచి 1978లో వర్గీస్ కమిటీ నివేదిక, 1990లో ప్రసారభారతి చట్టం వచ్చాయి. ఈ చట్టంలో తెలుగువాళ్ళ చెయ్యి పెద్దదే. పార్లమెంటులో బిల్లు నడిపిన మంత్రి పి. ఉపేంద్ర. ఏడేళ్ళు మూలనపడున్న చట్టాన్ని 1997 సెప్టెంబరు 15న అమల్లోకి తెచ్చిన మంత్రి ఎస్. జైపాల్ రెడ్డి. ఆ ఏడాది నవంబరు 23న ప్రసారభారతి సంస్థ ఏర్పడింది.

ఈ చట్టం పన్నెండో సెక్షన్ని మన కార్యకర్తలు ఒకసారి చదవాలి. సామాజిక న్యాయాన్ని పెంపొందించటం, దోపిడీనీ అసమానతనీ అంటరానితనం వంటి దురాచారాల్నీ ఎదుర్కోవటం ఈ సంస్థ ధ్యేయాల్లో ఉన్నాయి. మరి ఆ ధ్యేయాన్ని సంస్థే తప్పితే ఎవరికి చెప్పుకోవాలి? అందుకు చట్టం ప్రసార మండలి అనే ఏర్పాటు రాసింది. సంస్థ పనితీరు ధ్యేయాలకి విరుద్ధంగా ఉందని ఏ వ్యక్తయినా, ఏ బృందమైనా ఆ మండలికి ఫిర్యాదు చెయ్యొచ్చు. ఏదైనా కార్యక్రమం వల్ల తనకి అన్యాయం జరిగిందని వ్యక్తి విడిగా కూడా చెప్పుకోవచ్చు. ఈ రెండో హక్కు దగ్గర మాత్రం చట్టం ఒక బ్రాకెట్టు పెట్టింది: సంస్థ అధికారి గానీ ఉద్యోగి గానీ కాకూడదు. లోపలి మనిషి నోరు లోపలే ఉండాలన్న ఆలోచన ఆ బ్రాకెట్టులో ఉంది. ఇక ఆ మండలి సంగతి. సంస్థ పుట్టాక ఏళ్ళ తరబడి మండలి పుట్టనే లేదు. జనం తట్టటానికి చట్టం ఒక తలుపు గీసింది. గోడకి తలుపు బిగించలేదు.

ఇంకో ముడి ఉంది. 2007 అక్టోబరుకి ముందు చేరిన సిబ్బందిని 2011 నాటి సవరణ కేంద్రప్రభుత్వోద్యోగులుగానే ఉంచి, ప్రసారభారతికి డిప్యుటేషన్ మీద ఉన్నట్టు భావించింది. మనిషి కేంద్రానివాడు, కుర్చీ ప్రసారభారతిది. ఆరోపణ వచ్చినప్పుడు ‘మా చేతిలో లేదు’ అనటానికి ఇద్దరికీ వీలుంది.

3. భన్వరీదేవి తెచ్చిన చట్టం

ప్రసారభారతి అమల్లోకి వచ్చిన 1997లోనే, దానికి నెల ముందు, ఆగస్టు 13న సుప్రీంకోర్టు విశాఖ తీర్పు ఇచ్చింది. పనిచేసేచోట స్త్రీల మీద లైంగిక వేధింపుల గురించి మొదటిసారి నియమాలు పెట్టిన తీర్పు అది. దాని వెనక ఉన్నది రాజస్థాన్‌లో కుమ్మరి కులానికి చెందిన భన్వరీదేవి. ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో సాథిన్‌గా ఊళ్ళో బాల్యవివాహాన్ని అడ్డుకున్నందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. కింది కోర్టు 1995లో నిందితుల్ని వదిలేసింది. ఆమె ప్రభుత్వ పని చేస్తూనే ఆ దెబ్బ తిన్నది. పని చేయించుకున్న ప్రభుత్వం బాధ్యత నెత్తినేసుకోలేదు. ఇవాళ ఆఫీసు గోడ మీద అంటించే కమిటీ నోటీసు ఒక వెనుకబడిన కులపు స్త్రీ పెట్టిన భిక్ష అని మనం మరిచిపోకూడదు.

విశాఖ నియమాలే 2013లో చట్టమయ్యాయి. పదిమందికి తగ్గకుండా ఉన్న ప్రతి ఆఫీసులో అంతర్గత కమిటీ ఉండాలి. దానికి సీనియర్ ఉద్యోగిని అధ్యక్షత వహించాలి, బయటి సభ్యులొకరు ఉండాలి. విచారణ 90 రోజుల్లో ముగించాలి, నివేదిక మీద 60 రోజుల్లో చర్య తీసుకోవాలి. దినకూలీ, కాంట్రాక్టు, తాత్కాలిక పనివాళ్ళు కూడా ఈ చట్టం కిందికి వస్తారు. ఫిర్యాదు యజమాని మీదే అయితే, కమిటీ లేనంత చిన్న ఆఫీసయితే, జిల్లా స్థాయి స్థానిక కమిటీకి పోవచ్చు.

ఇక్కడ మన పత్రిక పాఠకులు పట్టించుకోవలసిన తేడా ఒకటుంది. స్థానిక కమిటీలో సంఘాల తరఫున వేసే ఇద్దరు సభ్యుల్లో కనీసం ఒకరు ఎస్సీ, ఎస్టీ, బీసీ లేదా మైనారిటీ స్త్రీ కావాలని చట్టం రాసింది. ఆఫీసు లోపలి కమిటీకి అలాంటి షరతు లేదు. దళిత స్త్రీ ఎక్కువగా ఫిర్యాదు చెయ్యవలసి వచ్చేది లోపలే. అక్కడ మాత్రం ఎదుట కూర్చున్నవాళ్ళలో తన వాడ నుంచి వచ్చిన ముఖం ఒక్కటీ లేకపోయినా అది చట్టబద్ధమే.

4. ఆరు డ్యూటీల మనిషి

కాగితం మీది చట్టం రేడియో స్టేషన్లో ఎట్లా నడుస్తుందో చూడాలంటే క్యాజువల్ అనౌన్సరు దగ్గరికి పోవాలి. మైకులో వినపడే గొంతుల్లో చాలా భాగం పర్మనెంటు ఉద్యోగులవి కావు. ఆడిషన్ పాసై, నెలకి ఆరు డ్యూటీల లెక్కన పిలిపించుకునేవాళ్ళవి. ఏ రోజు పిలవాలి, పిలవాలా వద్దా అన్నది కార్యక్రమాలు చూసే అధికారి పెన్నులో ఉంటుంది. పైగా 45 రోజులకి తక్కువ పడే తాత్కాలిక నియామకాలకి రిజర్వేషన్ వర్తించదు. అంటే ఆ మైకు దాకా మనవాళ్ళని తెచ్చే రాజ్యాంగపు నిచ్చెన అక్కడ లేదు. ఎట్లాగో చేరినవాళ్ళని నిలబెట్టే ఉద్యోగ భద్రతా లేదు.

2018లో మధ్యప్రదేశ్‌లోని శహ్‌డోల్ ఆకాశవాణిలో ఇది బయటపడింది. ఒక అధికారి మీద లైంగిక వేధింపుల ఫిర్యాదు చేసిన తొమ్మిది మంది క్యాజువల్ మహిళలకి పని పోయింది. ఫిర్యాదుకీ దీనికీ సంబంధం లేదని, గొంతుల్ని మళ్ళీ పరీక్షించటంలో భాగంగా జరిగిందని ఆకాశవాణి చెప్పుకొచ్చింది. క్యాజువల్ అనౌన్సర్ల సంఘం మరికొన్ని కేంద్రాల పేర్లు కూడా చెప్పింది. జాతీయ మహిళా కమిషన్, కేంద్ర మహిళా శిశు సంక్షేమ మంత్రి కలగజేసుకున్నాకే అది దేశానికి వార్త అయింది.

అధికారికి సస్పెన్షన్ నియమాలున్నాయి, చార్జిషీటు ఉంది, సంజాయిషీ ఇచ్చుకునే హక్కు ఉంది, రాజ్యాంగం 311వ అధికరణం ఉంది. ఆరు డ్యూటీల మనిషిని తీసెయ్యటానికి చార్జిషీటు అక్కర్లేదు. పిలవటం మానేస్తే చాలు. మా ఊళ్ళల్లో దీనికి పాత పేరుంది. రేపట్నించీ పన్లోకి రావొద్దు అనటం. చుండూరులో సాంఘిక బహిష్కరణ అన్నది ఇదే. ఆఫీసులో దానికి ‘డ్యూటీ చార్టులో పేరు లేదు’ అని పేరు.

5. రాజీనామా జవాబవుతుందా?

మన రాష్ట్రంలోకి వద్దాం. తిరుమల తిరుపతి దేవస్థానం 2008లో శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్ మొదలుపెట్టింది. అది ఖజానా సొమ్ము కాదు. అయినా చట్టం కింద ప్రభుత్వం వేసే బోర్డు పెత్తనంలో, భక్తజనం హుండీలో వేసే సొమ్ము అండతో నడిచే ఛానల్ కాబట్టి ఈ ప్రశ్న దానికీ వర్తిస్తుంది. 2020 జనవరిలో, ఛానల్ చైర్మన్‌గా ఉన్న సినీనటుడు పృథ్వీరాజ్ ఒక ఉద్యోగినితో మాట్లాడినట్టు చెబుతూ ఒక ఆడియో బయటికొచ్చింది. ఆ గొంతు తనది కాదని, తన మీద కుట్ర జరిగిందని ఆయన అన్నారు. పదవికి రాజీనామా చేశారు. దేవస్థానం విజిలెన్స్ విచారణ అన్నది. అదే ఏడాది నవంబరులో, ఛానల్ నుంచి ఒక భక్తుడికి అశ్లీల లింకు వెళ్ళిన సంగతి బయటపడి, సిబ్బంది మీద చర్యలు తీసుకున్నారు.

ఆరోపణ నిజమో కాదో చెప్పటం మా పని కాదు. మా ప్రశ్న పద్ధతి మీద. రాజీనామా తీర్పు కాదు. ఆరోపణ అబద్ధమైతే ఆ మనిషికి మచ్చ మిగులుతుంది. నిజమైతే ఆ స్త్రీకి న్యాయం మిగలదు. రెండు విధాలా బాగుపడేది సంస్థ ఒక్కటే. వార్త చల్లారిపోతుంది గదా! పైనున్న మనిషి మీద ఫిర్యాదు వచ్చినప్పుడు పైవాళ్ళ విజిలెన్స్ కాదు, బయటి చెయ్యి కావాలి. యజమాని మీద ఫిర్యాదుకి చట్టం స్థానిక కమిటీని చూపించింది అందుకే.

రాజీనామా అనగానే మాకు ఇంకొకటి గుర్తొస్తుంది. 1985లో కారంచేడు తర్వాత బొజ్జా తారకం గారు హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదులుకున్నారు. అది ప్రభుత్వాన్ని నిలదీసిన రాజీనామా. అన్ని రాజీనామాలూ ఒకటి కావు. విచారణని మొదలుపెట్టించేవి కొన్ని, విచారణ అక్కర్లేదనిపించేవి కొన్ని.

ఇది మన దేశపు జబ్బు మాత్రమే అనుకోవద్దు. జనం లైసెన్సు డబ్బుతో నడిచే బ్రిటిష్ బీబీసీలో జిమ్మీ సావిల్ అనే ప్రసిద్ధ వ్యాఖ్యాత దశాబ్దాలపాటు పిల్లల్నీ స్త్రీలనీ చెరిచాడు. 2011లో అతను చనిపోయాక, బీబీసీ సొంత వార్తా విభాగం మొదలుపెట్టిన పరిశోధన మధ్యలో ఆగిపోయింది. మరుసటి ఏడు వేరే ఛానల్ ప్రసారం చేశాకే నిజం బయటికొచ్చింది. అదే ఏడు, ఈ గొడవల మధ్య, కొత్త డైరెక్టర్ జనరల్ 54 రోజులకే దిగిపోయాడు. అయితే అక్కడ రాజీనామాతో కథ ముగియలేదు. మాజీ న్యాయమూర్తి జానెట్ స్మిత్ విచారించి 2016లో నివేదిక బయటపెట్టారు. బీబీసీ పనితో ముడిపడిన చోట్ల సావిల్ 72 మందిని చెరిచాడని, కింది సిబ్బందికి తెలిసినా పేరున్నవాళ్ళ మీద నోరు విప్పటానికి భయపడ్డారని అందులో ఉంది. కింద తెలిసిన నిజం పైకి పోవటానికి దారి లేదు. శహ్‌డోల్‌లోనూ, చుండూరులోనూ చూసింది అదే. తేడా ఏందంటే, అక్కడ చివరికైనా నివేదిక జనం చేతికొచ్చింది.

6. మనవాళ్ళ మీద వేసే నిందలు

ఒక అభ్యంతరం మన లోపలి నుంచే వస్తుంది. ‘జవాబుదారీ అని మనం గట్టిగా అరిస్తే ముందు వేటు పడేది మన ఉద్యోగి మీదే గదా’ అని. ఇది కొట్టిపారేసే మాట కాదు. రిజర్వేషన్లో వచ్చిన మొదటి తరం ఉద్యోగి చిన్న తప్పు చేసినా ఫైలు పరుగెత్తుతుంది. పెద్దకులపు ఆఫీసరు ఫైలు నిద్రపోతుంది. మేము చదువుకున్నచోటా, పనిచేసినచోటా ఇది చూశాం.

అందుకే మేము అడిగేది శిక్ష కాదు, విచారణ. రోజుల లెక్క ఉన్న విచారణ, బయటి మనిషి కూర్చున్న విచారణ, రెండు పక్కలా వినే విచారణ. అధికారి ఇష్టాయిష్టాల మీద నడిచే చోట దళిత ఉద్యోగి నింద పడ్డా నష్టపోతాడు, దళిత స్త్రీ ఫిర్యాదు చేసినా నష్టపోతుంది. నియమం గట్టిగా ఉన్నచోటే ఇద్దరికీ నిలబడటానికి నేల దొరుకుతుంది. మనవాడే తప్పు చేస్తే? అప్పుడూ అదే నియమం. మన కులం వాడని కాపాడుకుంటే, ఊరి పెద్దలు చుండూరులో చేసినదాన్ని మనం తప్పనటానికి నోరుండదు.

7. చెయ్యవలసింది

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లోని సంఘాలు ఇవాళే మొదలుపెట్టగల పనులున్నాయి. 2005 సమాచార హక్కు చట్టం కింద ఆకాశవాణి, దూరదర్శన్ కేంద్రాల్ని అడగొచ్చు: అంతర్గత కమిటీ ఉందా, బయటి సభ్యుల్ని ఏ సంఘం నుంచి తీసుకున్నారు, ఐదేళ్ళలో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని 90 రోజుల్లో ముగిశాయి, ఫిర్యాదు చేసిన క్యాజువల్ సిబ్బందిలో ఎంతమందికి ఆ తర్వాత కూడా డ్యూటీలు ఇచ్చారు. పేర్లు అడగొద్దు. ఫిర్యాదు వివరాలు బయటపెట్టటాన్ని 2013 చట్టమే నిషేధించింది, 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం కూడా సమాచార హక్కులో ఆ తలుపుని బిగించింది. అంకెలకి పరువు నష్టం ఉండదు. అంకెలే అడగాలి.

గుంటూరు, బాపట్ల కలెక్టరేట్లలో స్థానిక కమిటీ ఉందా, అందులో చట్టం చెప్పిన ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ సభ్యురాలు ఎవరు అని అడగాలి. ఆఫీసు లోపలి కమిటీకి కూడా ఆ షరతు పెట్టాలని డిమాండు చెయ్యాలి. ఫిర్యాదు నడుస్తున్నన్నాళ్ళూ క్యాజువల్ మనిషికి డ్యూటీలు ఆపకూడదని నియమం రావాలి. పెత్తనం చలాయించగల స్థానంలో ఉండి ఎస్సీ, ఎస్టీ స్త్రీని లైంగికంగా వాడుకోవటం 1989 చట్టంలోనే నేరం. లోపలి కమిటీ ఒక్కటే దారి అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ప్రసారభారతి చట్టంలో రాసిన ప్రసార మండలి గురించి మన పార్లమెంటు సభ్యుల్ని అడగాలి. బాపట్ల 2009 నుంచి ఎస్సీ రిజర్వుడు స్థానం. ఆ సీటులో కూర్చున్నవాళ్ళని అడిగే హక్కు అందరికంటే ముందు మనకే ఉంది.

చుండూరు మనుషులు కోర్టుని తమ ఊరికి నడిపించటానికి ఏళ్ళు పట్టింది. వాళ్ళ చేతిలో అప్పుడు సమాచార హక్కు లేదు, 2013 చట్టం లేదు. ఇవి రెండూ ఉన్న మనం ఒక రేడియో స్టేషను మెట్ల మీదికి పోయి, లోపల ఏం విచారించారో లెక్క చెప్పమని అడగలేకపోతే, తప్పు స్టేషనుది మాత్రమే కాదు.